నేలతొట్టి ఎదురింటి ఔరోరా

తెతువాన్,
ఫిబ్రవరి 9, 1980.

ముఫద్దల్‌కి,

కడుపున మోయకపోయినా చంకన మోసిన పిన్ని రహీమో రాసేది. ఇక్కడ అందరం క్షేమం. మీ బాబాయికి మోకాలి నొప్పి తగ్గింది, గొణుగుడు తగ్గలేదు. నువ్వు మొక్కల పరీక్ష మళ్ళీ తప్పావని నీ స్నేహితుడి తల్లి హమాంలో ఒళ్ళు రుద్దుకుంటూ పదిమందీ వినేలా చెప్పింది. ఆకుకీ పువ్వుకీ తేడా తెలియని వాడివి, రేపు మందుల షాపు పెట్టి జనాన్ని ఏం చేద్దామనిరా? సరే, ఆ కోపం వేరే ఉత్తరంలో చూపిస్తాను.

ఇప్పుడు నీతో ఒక పని పడింది. మొన్న మన పక్కిల్లు పడగొట్టారు. నువ్వు చంటివాడిగా ఉన్నప్పుడు ఆ ఇంట్లో రెమెడియోస్ అనే స్పెయిన్ ఆవిడ ఉండేది. ఆమె భర్త సైన్యం గిడ్డంగిలో గుమాస్తా. వాళ్ళవాళ్ళుండే కొత్తపేటలో అద్దె ఇల్లు దొరక్క మన వీధిలో దిగారు. వాళ్ళకో ఆడపిల్ల, ఔరోరా. నీ ఈడుదే. ఆయనకి బదిలీ అయి గ్రనడా వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఒక్క ముక్క రాయలేదు. గోడ కూలిన చోట దుమ్ము లేస్తుంటే మేడ మీద నిలబడి చూశాను. అప్పటినుంచి ఆ పిల్ల నా కళ్ళలోంచి పోవటం లేదు. ఎక్కడుందో, ఎలా ఉందో తెలుసుకోవాలి.

ఇంటిపేరేమిటని అడుగుతావు. మేడ మీద బట్టలారేసుకునే ఆడవాళ్ళం, ఇంటిపేర్లతో మాకేం పని? కానీ ఇల్లు ఎలా ఉంటుందో ఆమె నాకు వెయ్యిసార్లు చెప్పింది. గ్రనడాలో అల్బైసీన్ పేటలో పుట్టిల్లు. మేడ ఎక్కితే ఎదురుగా అల్‌హంబ్రా కోట. గుమ్మం ముందు వీధికంతా నీళ్ళు నిలవచేసే పాత నేలతొట్టి. సన్యాసినుల మఠం గంట వినిపిస్తుంది. నువ్వుండేది ఆ పేట కిందే కదా, పుస్తకం ఎలాగూ తెరవవు, సాయంత్రాలు నడిచి వెతుకు.

ఆ పిల్లతో నాకేం చుట్టరికమని మాత్రం అడక్కు.

నీ పిన్ని
రహీమో

గ్రనడా,
మార్చి 2, 1980.

పిన్నికి ముఫద్దల్ నమస్కారాలు.

ఉత్తరం అందింది, తిట్లు కూడా అందాయి. బాబాయికి నా సలాములు చెప్పు, నువ్వు చేసే గొణుగుడు వల్ల ఆయన గొణుగుడు నాకు వినపడదని చెప్పు.

నీ ఆనవాళ్ళు పట్టుకుని మూడు ఆదివారాలు కాలికి బలపం కట్టుకుని తిరిగాను. పిన్నీ, అల్బైసీన్‌లో మేడ ఎక్కితే అల్‌హంబ్రా కనబడని ఇల్లు లేదు. నేలతొట్టి లేని మలుపు లేదు. మఠాల గంటలైతే ఒకదాని మీద ఒకటి పోటీ పడి మోగుతాయి. ఇది తెతువాన్‌లో తలుపున్న ఇల్లు వెతకమన్నట్టుంది.

అయినా తిరగటం బాగానే ఉందని ఒప్పుకుంటాను. సాన్ గ్రెగోరియో మెట్ల మీద నుంచి ఎక్కి ఎటు తిరిగినా గోడలే. తెల్ల సున్నం గోడలు, లోపల తోటలు. గోడ మీద నుంచి దానిమ్మ కొమ్మో జాస్మిన్ తీగో తొంగి చూస్తుంది, ఇంటివాళ్ళు మాత్రం కనబడరు. ఒక సందు వంపు తిరిగే తీరు చూసి నా కాళ్ళు మన వీధే అనుకున్నాయి. నా అంతట నేనే కుడివైపు తిరిగాను, మన గుమ్మం ఉండాల్సిన చోటికి. అక్కడ ఎవరిదో వంటింటి కిటికీ. పంది మాంసం వేపుడు వాసన వచ్చి తెలివిలోకి వచ్చాను.

ఇక్కడి వాళ్ళ నోరు నీకు నచ్చుతుంది, నీ నోటికి బంధువే. పెద్ద అంగడి వీధిలో బల్ల మీద ఎండ కాచుకుంటున్న ముసలాయన్ని మర్యాదగా అడిగాను, ఈ పేటలో రెమెడియోస్ అనే ఆవిడ ఉందా అని. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"మా ఆవిడ పేరూ అదే. తీసుకుపోతానంటే మూట కట్టిస్తాను."

పక్కనున్న వాళ్ళెవరూ నవ్వలేదు. ఇక్కడ హాస్యమాడి ఎవరూ నవ్వరు. ఆ రోజు రెమెడియోస్‌లను ఏడుగురిని చూపించారు. ఒకామె గుమాస్తా భార్యే, కానీ ఆమెకి నలుగురూ మగపిల్లలు. ఇంకొకామె నేను ఏదో అమ్మటానికి వచ్చాననుకుని తలుపు వేసేసింది.

ఇంకేమైనా గుర్తు తెచ్చుకో. లేదంటే ఈ పని మానేసి ఆకుల పేర్లు బట్టీ పట్టనీ.

నీ
ముఫద్దల్

తెతువాన్,
మార్చి 19, 1980.

ఒరేయ్ ముఫద్దల్,

కాళ్ళు ఉపయోగించావు, బాగుంది. ఇప్పుడు తల ఉపయోగించు. ఆ ఊరు నేను చూడకపోయినా ఆ ఊరు కట్టిన వాళ్ళ మనవరాలిని. వాళ్ళు అక్కడ సందులు ఎలా వేశారో, సముద్రం దాటి వచ్చి ఇక్కడా అలాగే వేశారు. మన వీధిలో ఏది ఎక్కడుందో దాన్నిబట్టి ఆలోచించు.

రెమెడియోస్ నీళ్ళ సంగతి చెప్పేది. చిన్నప్పుడు చెల్లెల్ని గుమ్మంలో కూర్చోబెట్టి, చూపు దాటకుండా వెళ్ళి బిందె నింపుకుని వచ్చేదట. కాబట్టి తొట్టి మలుపు తిరిగాక ఎక్కడో కాదు, గుమ్మానికి ఎదురుగా ఉండాలి. మఠం గంట తల మీద పడుతున్నట్టుండేదని చెప్పేది. ఇల్లు మఠానికి దిగువన ఉంటే తప్ప గంట తల మీద పడదు. తొట్టి కమాను గుర్రపు లాడంలా ఉండి పైన మొన తేలి ఉండేదనీ, ఎండాకాలం దాని నోట్లోంచి వచ్చే చల్లగాలికి ముసలివాళ్ళు కుర్చీలు వేసుకునేవారనీ చెప్పింది. ఇంకొకటి, వాళ్ళ వీధిలోకి గాడిద బరువుతో వస్తే ఎదురొచ్చే మనిషి వెనక్కి నడవాల్సిందేనట.

మఠం పట్టుకో. అక్కడి నుంచి కిందికి దిగు. పైకెక్కుతూ వెతికితే దొరకదు, ఎక్కేటప్పుడు మనిషి తన కాళ్ళనే చూసుకుంటాడు.

ఆ పంది మాంసం సంగతి మీ బాబాయికి చదివి వినిపించలేదు.

నీ పిన్ని

తా.క. ఏడుగురిలో నలుగురు మగపిల్లల తల్లిని మళ్ళీ ఒకసారి కనుక్కో. మధ్యలో ఒక ఆడపిల్ల ఉండి పెళ్ళై వెళ్ళిపోయి ఉండొచ్చు.

గ్రనడా,
మే 5, 1980.

పిన్నీ,

దొరికింది. ఇకమీదట నువ్వు ఏం చెప్పినా ఎదురాడను, కనీసం నెల రోజులు.

నలుగురు మగపిల్లల తల్లి ఆ తల్లి కాదు. ఆమె నన్ను చీపురుతో కొట్టకపోవటం నా అదృష్టం. నువ్వు చెప్పినట్టే మఠాలు ఒక్కొక్కటీ పట్టుకుని కిందికి దిగటం మొదలుపెట్టాను. తోమాసాల మఠం కింద త్రీయో అనే నేలతొట్టి ఉంది. లాడం కమాను, పైన మొన. ఎదురుగా తలుపు. కానీ ఎప్పుడు వెళ్ళినా తాళమో గడియో. తలుపు తట్టితే లోపల అడుగులు ఆగిపోతాయి తప్ప ఎవరూ రారు. ఈ పేటలో గోడ వెనక ఏముందో దేవుడికీ పిల్లులకీ తెలియాలి.

అయితే మే మూడు ఇక్కడ సిలువ పండగ. ఆ ఒక్క రోజు మూసిన వాకిళ్ళన్నీ తెరుస్తారు. నడవాలో ఎర్ర కార్నేషన్ పూలతో మనిషెత్తు సిలువ నిలబెట్టి, చుట్టూ ఇంట్లో ఉన్న రాగి బిందెలు, పళ్ళేలు, శాలువాలు, మంచి మంచి గుడ్డలన్నీ పరుస్తారు. ఒక ఆపిల్ పండుకి కత్తెర గుచ్చి పెడతారు, వంక పెట్టే వాళ్ళ నోరు కత్తిరించటానికట. ఎవరైనా లోపలికి వచ్చి చూడొచ్చు. నేను పొద్దున్నే వెళ్ళి త్రీయో తొట్టి ముందు నిలబడ్డాను.

తలుపు తెరిచే ఉంది. లోపల ఒకమ్మాయి నిచ్చెన మీద నిలబడి పూలు గుచ్చుతోంది. కింద పళ్ళేల మధ్య ఒక గుడ్డ పరిచి ఉంది.  లేత పసుపు పట్టు మీద ముదురు ఎరుపు, ఊదా దారాలు, చివర్లలో అద్దం చుట్టూ అల్లిన తీగల్లాంటి కుట్టు. నీ పెళ్ళి దిండు మీదున్న కుట్టే. అది గ్రనడా పని కాదు, ఊరు మొత్తం తిరిగినా అలాంటిది ఇంకొకటి దొరకదు.

ఇది ఎక్కడిదని అడిగాను. పెట్టె అడుగున దొరికిందనీ, వాళ్ళమ్మ వద్దని కేకలు వేసినా తీసి పరిచాననీ చెప్పింది. తన పేరు ఔరోరా, ఒక్కతే పిల్లట. వాళ్ళమ్మ పేరు రెమెడియోస్. తండ్రి సైన్యంలో గుమాస్తాగా చేసి ఆరేళ్ళ కిందట పోయాడు.

మీరు తెతువాన్‌లో ఉండేవారా అన్నాను. నవ్వింది. వాళ్ళమ్మ జన్మలో సముద్రం దాటలేదట. తాను పుట్టింది ఈ ఇంట్లోనేనట. వంటింటి తెర వెనక ఎవరో నిలబడి ఉండటం నాకు కనిపించింది. బయటికి రాలేదు.

ఏమిటి పిన్నీ ఇది?

ముఫద్దల్

తెతువాన్,
మే 22, 1980.

నా బంగారు తండ్రీ,

ఆ గుడ్డ నేను కుట్టిందే. పిల్ల పుట్టిన ఏడో రోజుకి ఇచ్చాను. ఎడమ మూల దారం తక్కువై ఊదాకి బదులు నీలం వేశాను, చూసి చెప్పు. చెప్పకపోయినా నాకు తెలుసు. నీ ఉత్తరం మీ బాబాయి రెండుసార్లు చదివి, అద్దాలు తుడుచుకున్నాడు. పొగాకు కళ్ళలో పడిందట.

అది ఎలా ఉంది? ఎత్తు ఎంత? నవ్వితే బుగ్గ ఒక పక్కే గుంట పడుతుందా? చిన్నప్పుడు ఎడమ చెయ్యి ముందుకు చాపేది, ఇప్పుడూ అంతేనా? పళ్ళు బాగున్నాయా? తిండి సరిగా తింటుందా? పెళ్ళయిందా? ఒక ఫోటో అడుగు. మగవాడివి, నీకు చూడటం చేతకాదు, ఫోటో పంపిస్తే నేనే చూసుకుంటాను.

ఆ రెమెడియోస్ సముద్రమే దాటలేదని చెప్పిందా? అర్థమైంది. మన వీధిలో, మన మధ్య, మన చేతి మీద బతికానని చెప్పుకోవటానికి చిన్నతనం. నా చేతి రొట్టె తిన్న మనిషి. చలికాలం నా దుప్పటి కప్పుకున్న మనిషి. కన్న పిల్లకి కూడా పుట్టిన ఊరు చెప్పలేదంటే ఎంత గర్వమో చూడు. సరే, ఆమె సంగతి ఆమెది. నాకు కావలసింది పిల్ల.

నువ్వు వారం వారం వెళ్ళు. ఇంట్లోకి రానివ్వకపోతే బయట కలువు. దానికి అన్నదమ్ములు లేరంటున్నావు కదా, అన్నలా చూసుకో. ఈ మాట గట్టిగా పట్టుకో.

మీ పిన్ని, ఈ వారం పదేళ్ళు చిన్నదైంది
రహీమో

గ్రనడా,
జూన్ 29, 1980.

పిన్నీ,

ఫోటో పంపిస్తున్నాను. మూలన ఉన్న గుడ్డ కూడా పడింది చూడు, నీలం దారమే. ఎత్తు నా భుజం దాకా. తిండి తింటుంది, నా పళ్ళెంలోది కూడా. బుగ్గ గుంట సంగతి నువ్వే చూసుకో, నాకు రెండు పక్కలా అందంగానే కనిపిస్తోంది. పెళ్ళి కాలేదు. వయసు అడిగితే ఇక్కడి ఆడపిల్లలు చెప్పరు, అడిగినవాడి బుద్ధి గురించి మాత్రం చెబుతారు.

ఔరోరా చెక్కపెట్టెల మీద ఎముక ముక్కలు, రంగు చెక్కలు పొదిగే పనిలో ఉంది. సాయంత్రం పని అవగానే ఇద్దరం నడుస్తాం. ఇదే పేటలో పుట్టి పెరిగి కూడా తనకి తెలియనివి నేను చూపిస్తున్నాను, అంతా నువ్వు నేర్పిన లెక్కే. వాలు మీద నీళ్ళ పిల్లకాలువ ఉంటే, దాని కింద హమాం ఉండి తీరాలని పందెం కాశాను. ఒక చిల్లరకొట్టు వెనక బొగ్గులు పోసుకునే గదిలోకి కొట్టువాడిని బతిమాలి వెళ్ళాం. కప్పులో నక్షత్రాల్లా తొలిచిన వెలుతురు కంతలు. పందెం కింద ఐస్‌క్రీం పెట్టించింది. ఇంకోరోజు ఒక చర్చి గంటగోపురం ఇటుకల వరసలు చూపించి, ఇది మొదట మసీదు మీనారు అయి ఉండాలన్నాను. అది మొన్న కట్టిన గోపురమట, మేస్త్రీ తన మేనమామేనట. రోజంతా నవ్వింది. పాత ఊరి గోడలోని ఫాహలౌసా గుమ్మం దాకా, నాగజెముడు పొదల కొండ దాకా, ప్రతి సందూ రెండేసి సార్లు తిరిగాం. తిరగటానికి చోటు అయిపోతుందేమోనని ఇద్దరికీ దిగులు పట్టుకుంది.

ఇక అసలు సంగతి. నువ్వు అన్నలా చూసుకోమన్నావు. పరాయి ఊళ్ళో ఆడపిల్లతో మర్యాదగా ఉండమని నీ అర్థం. అలాగే ఉన్నాను. కానీ పిన్నీ, నాకు అన్నగా ఉండాలని లేదు. తనకీ లేదు. ఔరోరాని పెళ్ళి చేసుకుంటాను. మా అమ్మ ఉంటే ఆమె వచ్చి అడిగేది. ఉన్నది నువ్వు. మంచి కఫ్తాన్ తీసి ఇస్త్రీ చేయించుకుని రా. నీకు ఆ పిల్ల మీద ఉన్న ప్రేమ చూస్తే ఒప్పించాల్సిన అవసరం కూడా లేదనిపిస్తోంది.

వాళ్ళమ్మ ఒక్కతే నాకు అంతుపట్టటం లేదు. మొన్న లోపలికి పిలిచి బాదం పాలు ఇచ్చింది, బాగానే మాట్లాడింది. మాటల్లో తెతువాన్ అనగానే లేచి వెళ్ళి గది తలుపు వేసుకుంది.

నీ
ముఫద్దల్

తెతువాన్,
జూలై 8, 1980.

ముఫద్దల్,

ఈ పెళ్ళి జరగదు. ఆ పిల్ల నీకు చెల్లెలు.

నువ్వు పుట్టగానే మా అక్క పోయింది. మీ నాన్న నిన్ను నా ఒళ్ళో పెట్టి లరాష్ వెళ్ళి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. అప్పటికి నా బిడ్డని మట్టిలో పెట్టి పదిరోజులు కూడా కాలేదు, నీకు పాలిచ్చాను. ఇంతవరకు నీకు తెలుసు. తెలియనిది ఇది. పక్కింట్లో రెమెడియోస్‌కి ప్రసవమై జ్వరం వచ్చి పాలు ఎండిపోయాయి. సీసాతో పోస్తే పిల్ల కక్కేసేది. మేడ మీద నుంచి దాని ఏడుపు వినలేక గోడ దాటి వెళ్ళి తీసుకున్నాను. ఒక పక్క నువ్వు, ఒక పక్క అది. ఎనిమిది నెలలు. మీ ఇద్దరికీ నేనే తల్లిని. మన ధర్మంలో పాలు పంచుకున్న వాళ్ళు తోబుట్టువులే, ఒక కడుపున పుట్టిన వాళ్ళకి ఏది తప్పో మీకూ అదే తప్పు.

ఆమె భర్తకి ఈ సంగతి బయటికి పొక్కటం ఇష్టం లేదు. తన పై అధికారులు ఏమనుకుంటారోనని భయం. ఎవరికీ చెప్పనని రెమెడియోస్‌కి మాటిచ్చాను. ఆ మాట కోసమే నీ దగ్గర కూడా నోరు మూసుకున్నాను. అన్నలా చూసుకోమన్నప్పుడు నేను చెప్పగలిగినంతా చెప్పాననుకున్నాను.

ఫోటో తలగడ కింద పెట్టుకున్నాను. నాకు కూతురు దొరికింది, నీకు భార్య దొరకలేదు. ఒక్క ఉత్తరంలో రెండూ రాయాల్సి వచ్చింది. నా చేత్తో నీ నోటి దగ్గరి ముద్ద లాగేసినట్టుంది.

తనకి నెమ్మదిగా చెప్పు. విడిచిపెట్టేయకు, అన్నగా నిలబడు.

రహీమో

గ్రనడా,
ఆగస్టు 20, 1980.

పిన్నీ,

నీ ఉత్తరం వచ్చాక నెల దాకా జవాబు రాయలేదు, రాస్తే పెద్దంతరం చిన్నంతరం లేకుండా రాసి ఉండేవాణ్ణి. ఫిబ్రవరిలో ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే నేను ఆ వాకిట్లో అడుగు పెట్టినప్పుడే చెల్లెలి ఇంటికి వెళ్ళినట్టు వెళ్ళేవాణ్ణి. ఎవరి పరువు కోసమో మాటిచ్చి నన్ను కళ్ళకు గంతలు కట్టి ఆ సందుల్లోకి తోలావు.

ఔరోరాకి ఏమీ చెప్పలేదు. పరీక్షలున్నాయని అబద్ధమాడి తప్పించుకుని తిరుగుతున్నాను. ఇక్కడ తప్పించుకోవటం కూడా కుదరదు, ప్రతి సందూ ఇద్దరం కలిసి తిరిగిందే. నిన్న రొట్టెల కొట్టు దగ్గర ఎదురైంది. నేనేం తప్పు చేశానని మాత్రం అడిగింది. రొట్టె కొనకుండానే వచ్చేశాను.

రాత్రీ పగలూ ఒకటే ఆలోచన. తను ఇక్కడే పుట్టానంటోంది. వాళ్ళమ్మ అసలు అక్కడికి రాలేదంటోంది. గుడ్డ ఒక్కటే సాక్ష్యం, గుడ్డలు చేతులు మారతాయి. తను ఆ ఔరోరా కాకూడదని నేను కోరుకుంటున్నాను. అయి ఉండాలని నువ్వు కోరుకుంటున్నావు. మనిద్దరం ఒకరికొకరం ఇలా ఎదురుపడతామని ఎప్పుడూ అనుకోలేదు.

రెమెడియోస్‌ని ఒక్క మాట అడిగితే తేలిపోతుంది. రెండుసార్లు ఆ తొట్టి దాకా వెళ్ళాను. అడగకుండా ఉన్నంతకాలం తను నాకు చెల్లెలు కాదు కదా అనిపించి వెనక్కి వచ్చేశాను.

ముఫద్దల్

తెతువాన్,
సెప్టెంబరు 11, 1980.

ముఫద్దల్,

తిట్టావు, బాగా చేశావు. మింగి కూర్చుంటే నాకు ఇంకా భయమేసేది.

నువ్వు రాసింది చదివాక ఒక రోజు నమాజు చేసి, ఆ పిల్ల నా ఔరోరా కాకుండా చూడు దేవుడా, నా కొడుకు సంతోషంగా ఉండాలి అని అడుగుదామని చేతులు చాపాను. నోరు రాలేదు. నిజం చెబుతున్నాను. ఇరవై ఆరేళ్ళుగా ఆ పిల్ల ఎక్కడో ఒకచోట పెరుగుతోందని లెక్క పెట్టుకుంటూ వచ్చాను. ఇప్పుడు నడుస్తుంది, ఇప్పుడు బడికి వెళుతుంది, ఇప్పుడు పళ్ళు ఊడుతున్నాయి అని నిన్ను చూసి దాన్ని ఊహించుకునేదాన్ని. నీకు బూట్లు కొన్నప్పుడల్లా దాని పాదం ఎంతుంటుందో అనుకునేదాన్ని. దాన్ని కాదనుకోమని దేవుణ్ణి ఎలా అడగను?

కానీ నీ మీద ఒట్టు, నాకు తెలియాలి. ఏదైనా సరే. నువ్వు ఇలా గోడల వెంట తిరుగుతూ ఆ పిల్లని ఏడిపించటం మహాపాపం. రెమెడియోస్ ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళు. తెతువాన్ పేరెత్తకు. నా పేరు చెప్పు. మేడ గోడ దాటి వచ్చిన రహీమో అడగమంది, నా పాలు తాగిన పిల్ల ఇదేనా అని అడుగు. ఆ మాట వింటే ఆమె తలుపు వేసుకోలేదు.

పిన్ని

గ్రనడా,
నవంబరు 2, 1980.

పిన్నీ,

ఈ ఉత్తరం బాబాయి పక్కన కూర్చున్నప్పుడు చదువు.

నీ మాట పట్టుకుని వెళ్ళటానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. నిన్న ఇక్కడ చనిపోయినవాళ్ళ పండగ. అందరూ పూలు పట్టుకుని అల్‌హంబ్రా వెనక కొండ మీద శ్మశానానికి వెళతారు. ఔరోరా వాళ్ళ పిన్నిగారింటికి వెళ్ళిందని తెలిసి త్రీయో దగ్గరికి వెళ్ళాను. రెమెడియోస్ చేమంతులు పట్టుకుని తలుపు తాళం వేస్తోంది. నీ పేరు చెప్పాను. నువ్వు అడగమన్న మాట అడిగాను.

తాళం చేతిలోంచి జారిపోయింది. నా మొహం చాలాసేపు చూసింది, తర్వాత నా చెంప తాకి, నువ్వు ఇంకో పక్కవాడివా అంది. రా అని చెయ్యి పట్టుకుని కొండ ఎక్కించింది. 

గోడలో చిన్న చిన్న సమాధి అరల వరస. ఒక అర ముందు ఆగి పలక తుడిచింది. ఔరోరా అని రాసి ఉంది. పుట్టింది మార్చి 1954, తెతువాన్. పోయింది ఫిబ్రవరి 1955.

మిగతాది ఆమే చెప్పింది. ఇక్కడికి వచ్చాక పిల్ల ఏ పాలూ పట్టలేదట. మేకపాలు పోశారు, దాదిని పెట్టారు. ఎవరు ఒళ్ళోకి తీసుకున్నా మొహం తిప్పుకుని గుమ్మం వైపు చూసేదట. చిక్కిపోయి, చలికి ఊపిరితిత్తులు పట్టేసి పోయింది. మరుసటి ఏడు ఇంకో ఆడపిల్ల పుట్టింది. ఈ ఊళ్ళో పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకి పెట్టటం పాత అలవాటు. అదే పేరు పెట్టారు. ఈ ఔరోరాకి అక్క ఉన్న సంగతి కూడా తెలియదు. అమ్మ పూలు తెచ్చేది అమ్మమ్మకనే అనుకుంది.

ఎందుకు రాయలేదు, ఒక్క ముక్క రాయాల్సింది అన్నాను.

"ఆమె రొమ్ము మీద బతికి ఉన్న పిల్లని లాక్కొచ్చి చంపుకున్నాను నాయనా. ఏ మొహం పెట్టుకుని రాయను? మీ పిన్ని దృష్టిలోనైనా అది బతికి ఉండనీ అనుకున్నాను."

పిన్నీ, ఆమెకి గర్వం లేదు. మనం పొరబడ్డాం.

సాయంత్రం ఔరోరాకి తల్లే చెప్పింది. తను ఒక్కతే త్రీయో గట్టు మీద కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే, ఇన్నాళ్ళూ నన్ను పిలిచినప్పుడల్లా అమ్మకి ఇంకొకరు గుర్తొచ్చేవారన్నమాట అంది. తర్వాత నన్ను అడిగింది: "మీ పిన్నికి నేనేమవుతాను?"  నిన్నడిగి చెబుతానన్నాను.

నా సంతోషం నీకు ఎలా రాయాలో తెలియటం లేదు. రాయకుండా ఉంటే అబద్ధమవుతుంది. నిన్న కొండ మీద ఆ పలక చదువుతున్నప్పుడు మొదటి క్షణం నాకు ఊపిరి వచ్చింది. రెండో క్షణం నువ్వు గుర్తొచ్చావు.

నీ కొడుకు
ముఫద్దల్

తెతువాన్,
నవంబరు 23, 1980.

ముఫద్దల్‌కి,

ఉత్తరం అందింది. మీ బాబాయి చదివాడు, నేను విన్నాను. మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. వీధిలో వాళ్ళు అన్నం పంపించారు. ఎవరు పోయారని అడిగితే నా కూతురని చెప్పాను. మాటిచ్చి దాచిన మాట ఇక దాచేదేముంది? ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. వచ్చి కూర్చున్నారు, ఏడ్చారు, వెళ్ళారు. పాతికేళ్ళ కింద జరగాల్సిన పరామర్శ ఇప్పుడు జరిగింది.

నీకు మొదటి క్షణం ఊపిరి వచ్చిందని రాశావు. ఆ ఊపిరి నేను పోసిందే, నాకు సిగ్గు లేదు, నీకూ ఉండనక్కర్లేదు.

ధర్మం చెప్పే ఫకీహ్‌ని అడిగాను. పాలు తాగిన పిల్ల ఒక్కతే నీకు చెల్లెలు, ఆమె తర్వాత పుట్టి నా పాలు తాగని పిల్లకీ నీకూ ఏ అడ్డూ లేదన్నాడు. ఆయన ఇంకా పుస్తకం తీసి చూపించబోయాడు, చాలన్నాను.

ఔరోరా అడిగినదానికి జవాబు. ఇంతవరకు ఏమీ కాదు, ఇప్పటినుంచి కోడలు అని చెప్పు. నా ఫోటో ఒకటి పంపిస్తున్నాను, తనకివ్వు. తన ఫోటో నా తలగడ కిందే ఉంది, తీయలేదు. అది వేరే పిల్లదని తెలిసినా తీయబుద్ధి కాలేదు. చూసే కొద్దీ ఆ బుగ్గ నాకు అలవాటవుతోంది.

కఫ్తాన్ ఇస్త్రీకి ఇచ్చాను. పాస్‌పోర్టు పని మీ బాబాయి చూస్తున్నాడు, వచ్చే నెల సెవుతా రేవు నుంచి పడవ ఎక్కుతాం. పిల్లనడగటానికి నేనే వస్తాను. అల్బైసీన్‌లో నన్ను నడిపించటానికి నువ్వేం తంటాలు పడక్కర్లేదు, దారి నాకు తెలుసు.

కానీ రెమెడియోస్‌కి ముందుగా ఒక మాట చెప్పి ఉంచు. వచ్చిన రోజు పెళ్ళి మాటలు ఎత్తను. ఆ రోజు ఆమే నేనూ కొండ ఎక్కుతాం. నువ్వూ రావద్దు, ఔరోరానీ తీసుకురావద్దు. మీరిద్దరూ కింద ఎక్కడైనా తిరుగుతూ ఉండండి.

అది మా ఇద్దరి పిల్ల.

రహీమో